బొమ్మా బొరుసూ లేని రూపాయి

కొత్తవరం టంకశాలలో ఒక రూపాయి బిళ్ళ తయారు కావడానికి రూపాయి పదకొండు పైసలు ఖర్చవుతుందన్న సంగతి మాజేటి కనకలింగానికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. ప్రభుత్వానికి నిరుడు తెలిసింది. తెలిశాక ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

కనకలింగం అమ్మేది చిల్లర. పంచదారా చింతపండూ కాదు, నాణేలే. బస్సు డిపో నుంచీ పాలకేంద్రం నుంచీ నాణేల సంచులు కొనుక్కొచ్చి, హోటళ్ళకూ మందుల షాపులకూ నూటికి మూడు రూపాయల కమీషన్ మీద ఇస్తాడు. సంచి విప్పి లెక్కపెట్టే అలవాటు అతనికి లేదు. తూస్తాడు. వెయ్యి రూపాయి బిళ్ళల సంచి మూడు కిలోల ఏడువందల తొంభై గ్రాములు తూగాలి. తూగితే వెయ్యి ఉన్నట్టే. ఒక్కో బిళ్ళనీ చూస్తూ కూర్చుంటే వచ్చే కమీషన్ కళ్ళద్దాలకే చాలదని అతని లెక్క.

టంకశాలలోనూ అదే పద్ధతి. అచ్చయిన నాణేలను సంచిలో పోసి తూస్తారు. సంచి మూతికి ఒక గుడ్డ చీటీ కుడతారు. చీటీ మీద ప్రెస్సు నంబరు, తేదీ, ‘తూకం సరి’ అన్న ముద్ర ఉంటాయి. ఆ ముద్ర పడ్డాక ఆ సంచిలో తప్పుందని ఎవరు చెప్పినా టంకశాల ఒప్పుకోదు.

కానీ తప్పులు ఉండేవి. ఏడాదికో రెండో. కనకలింగం కొట్టు ముందు ఒక చిన్న గాజు పెట్టె ఉండేది. సింహాలు పక్కకు జారిపోయిన రూపాయి, రెండుసార్లు అచ్చు పడి రెండు నీడలు తేలిన రూపాయి, రెండు పక్కలా బొమ్మే ఉండి బొరుసు లేని రూపాయి, ఇలాంటివి మొత్తం పదకొండు అందులో ఉండేవి. పిచ్చి ఉన్నవాళ్ళు కొనేవారు. ఆ పిచ్చికి కనకలింగం ధర కట్టేవాడు.

నిరుడు ఎండాకాలంలో టంకశాల లెక్కలు చూడటానికి వచ్చిన ఆడిటు అధికారి ఒకాయన, అయిదువందల నోటుకు చిల్లర కోసం కొట్టుకొచ్చాడు. గాజు పెట్టెలోకి తొంగి చూశాడు.

“ఇదెంతండీ?”

“పద్దెనిమిది వందలు సార్.”

“రూపాయి బిళ్ళకా?”

“మంచి రూపాయైతే రూపాయే సార్. ఇది చెడిపోయింది కదా, అందుకని.”

కనకలింగం ఆ మాట సరదాకి అన్నాడు. ఆడిటు అధికారి నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆడిటు పుస్తకంలో సరదాకి విడిగా గడి ఉండదు.

మూడు నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. దాని నకలు టంకశాల గేటుకు అంటించారు. ఊరంతా చదివింది.

‘నిర్దుష్టమైన నాణెమును ముద్రించుట వలన సంస్థకు నాణెమొక్కింటికి పదకొండు పైసల నష్టము వాటిల్లుచుండగా, దోషయుక్తమైన నాణెము బహిరంగ విపణిలో పదునెనిమిది వందల రూపాయలు పలుకుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. ఇంతవరకు దోషములు కేవలము యాదృచ్ఛికముగా, ఎట్టి ప్రణాళికయు లేక సంభవించుచుండుట విచారకరము. కావున ఇకమీదట దోషములను క్రమబద్ధముగా ఉత్పత్తి చేయవలసినదిగా ఆదేశించడమైనది.’

ఉత్తర్వు వెనకాలే అధికారి కూడా వచ్చాడు. పేరు నిరంజనమూర్తి. తలుపు మీద ‘ప్రత్యేకాధికారి (లోపాలు)’ అని బోర్డు పెట్టారు. బోర్డు ఒక పక్కకి వంగి ఉంది. దాన్ని సరిచేయబోయిన బంట్రోతుకు మొదటి రోజే మెమో అందింది.

రెండో వారంలో కనకలింగాన్ని పిలిపించారు. బాహ్య నిపుణుడి హోదా, హాజరైనప్పుడల్లా రెండువందల యాభై రూపాయల గౌరవ వేతనం, టీ.

“కనకలింగం గారూ, మీది మా దృష్టిలో కొట్టు కాదు. పరిశోధనా కేంద్రం,” అన్నాడు నిరంజనమూర్తి.

“మెల్లగా అనండి బాబూ. ఇంటాయన వింటే అద్దె పెంచుతాడు.”

“రోజుకు రెండు లక్షల లోపయుక్త నాణేలు మన లక్ష్యం. నాణెం ఒక్కింటికి పద్దెనిమిది వందలు. గుణించండి.”

కనకలింగం గుణించలేదు. “అయ్యా, నా పెట్టెలో ఇలాంటివి పదకొండున్నాయి. పదకొండే ఉన్నాయి కాబట్టి పద్దెనిమిది వందలు. తమరు రోజుకు రెండు లక్షలు కొడితే, కొనేవాడు బస్తాకింత ఇస్తానంటాడు.”

“అంటే, అరుదుగా ఉండటం ముఖ్యమంటారు.”

“అంతేనండి.”

నిరంజనమూర్తి పక్కనున్న స్టెనోతో అన్నాడు. “రాసుకోండి. అరుదుదనాన్ని కూడా భారీ ఎత్తున ఉత్పత్తి చేయవలసి ఉన్నదని బాహ్య నిపుణులు అభిప్రాయపడ్డారు.”

కనకలింగం టీ తాగి, రెండువందల యాభై తీసుకుని, రసీదు మీద సంతకం పెట్టి వచ్చేశాడు. వినని మనిషికి ఇంకోసారి చెప్పడం అతని లెక్కలో దండగ ఖర్చు.

లోపాలకు ప్రమాణాలు వచ్చాయి. మొదటి శ్రేణి లోపంలో అచ్చు సరిగ్గా మూడున్నర మిల్లీమీటర్లు పక్కకు జరగాలి. మూడే జరిగితే అసంపూర్ణ లోపం. నాలుగు జరిగితే అతి లోపం. రెండింటినీ తిరగ్గొట్టేవారు. ప్రతి ప్రెస్సులోనూ అచ్చు కింద పెట్టడానికి కొలత ప్రకారం కత్తిరించిన రేకు ముక్క ఇచ్చారు. పొరపాటున సరిగ్గా వచ్చిన నాణేలను ఏరేయడానికి భూతద్దాలతో నలభై మంది ఇనస్పెక్టర్లు కూర్చున్నారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘లోపంలో లోపం ఉండరాదు’ అని రాయించారు.

నెల తిరిగేసరికి ఇంకో ఉత్తర్వు. ఇప్పటికే ప్రజల దగ్గరున్న మంచి రూపాయలను బ్యాంకుల ద్వారా వెనక్కి రప్పించి, వాటి మీద మళ్ళీ అడ్డంగా అచ్చు కొట్టి ‘ఉన్నతీకరించాలి’ అని. బ్యాంకులు సంచులకు సంచులు పంపాయి. చేతికందిన కాసిని మంచి రూపాయలను జనం పోపుల డబ్బాల్లో దాచేశారు. లోప నాణేన్ని కండక్టరు తీసుకోడు, కాఫీ హోటలువాడు తీసుకోడు. అమ్మబోతే కొనేవాడు లేడు. మునిసిపాలిటీలో ఉపాధ్యక్షుడి పదవికి ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే చీటీకి బదులు రూపాయి ఎగరేశారు. అది రెండు పక్కలా బొమ్మే ఉన్న శ్రేణి. బొరుసు కోరుకున్నాయన కోర్టుకెక్కాడు. ఆ రూపాయి సాక్ష్యంగా కోర్టు బీరువాలో చేరింది.

కనకలింగం వ్యాపారం మూడో వంతుకు పడిపోయింది. గాజు పెట్టెను లోపలికి తీసేశాడు. అయినా అతని మనసుకు పట్టిన బాధ అది కాదు. అసలు బాధ దేవసహాయం.

అప్పికట్ల దేవసహాయం టంకశాలలో ఏడో నంబరు ప్రెస్సు నడుపుతాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. రోజూ సాయంత్రం షిఫ్టు దిగి, కనకలింగం కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఒక టీ తాగి ఇంటికి పోతాడు. మనుషుల్లో ముఖవిలువ ఒకటీ లోపలి విలువ ఒకటీ ఉండటం కనకలింగం చాలామందిలో చూశాడు. దేవసహాయంలో మాత్రం రెండూ ఒకటే. అలాంటి మనిషితో లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. అందుకే టీ తాగడానికి బాగుంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో దేవసహాయం చేసిన తప్పు ఒక్కటే. అది కనకలింగానికొక్కడికే తెలుసు.

పన్నెండేళ్ళ క్రితం మందుల షాపు ఆయన ఒక బిళ్ళ పట్టుకొచ్చి కౌంటరు మీద కొట్టాడు. “ఏమయ్యా లింగం, రూపాయిచ్చావా, చొక్కా గుండీ ఇచ్చావా?” దాని మీద బొమ్మ లేదు, బొరుసు లేదు. అంచు కట్టి ఉంది, మధ్యలో నున్నగా అద్దంలా ఉంది. అచ్చు పడకుండానే ప్రెస్సు దాటి, తూకంలో సరిపోయి, సంచిలో చేరిన ఖాళీ బిళ్ళ. ఖాళీ బిళ్ళ బరువూ అచ్చు పడ్డ బిళ్ళ బరువూ ఒకటే. కనకలింగం ఆయనకు మంచి రూపాయిచ్చి పంపాడు. అది బ్యాంకు నుంచి మూతి విప్పకుండా తెచ్చిన టంకశాల సంచిలోది. ఆ సంచి గుడ్డ చీటీ ఇంకా కొట్లోనే ఉంది. తీసి చూస్తే ఏడో నంబరు.

ఆ సాయంత్రం చీటీనీ బిళ్ళనీ చూడగానే దేవసహాయం టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“ఎవరికీ చూపించకండి శెట్టిగారూ. ఇంక్రిమెంటు కోస్తే కోశారు. ఏడో నంబరులో ఖాళీ బిళ్ళ వచ్చిందంటే నేనిక ఆ గేటు లోపలికి తలెత్తుకుని వెళ్ళలేను.”

“చూపించను. పో.”

చూపించలేదు. బిళ్ళనూ చీటీనీ వెడల్పు మూతి హోమియో మందు సీసాలో పెట్టి, గల్లాపెట్టె అడుగున దాచాడు. నాణేలు సేకరించే ఏలూరు డాక్టరు గారొకాయన ఏటా ఫోన్ చేసి అడిగేవాడు. “ఖాళీ బిళ్ళేమైనా తగిలిందా లింగం గారూ? నలభై వేలిస్తాను.” ఏటా కనకలింగం “తగిలితే చెప్తానండి” అనేవాడు. దేవసహాయానికిచ్చిన మాట ఖరీదు ఇప్పటికి నలభై వేలని అతనికి పైసలతో సహా తెలుసు.

అలాంటి దేవసహాయం ఇప్పుడు తప్పు చేయలేకపోతున్నాడు.

“రేకు పెడతానండీ,” అన్నాడొక సాయంత్రం బల్ల మీద కూర్చుని. “పెట్టి మీట నొక్కుతాను. టక్కుమనాల్సింది టకటక్కుమంటది. ముప్పై ఏళ్ళు విన్న చప్పుడు కాదది. నాకు తెలీకుండానే ప్రెస్సు ఆపేస్తాను. మళ్ళీ చూసుకునేసరికి రేకు నా జేబులో ఉంటది. నేను తియ్యట్లేదు శెట్టిగారూ. చేతులు తీసేస్తన్నాయ్.”

“మిగతా వాళ్ళో?”

“కుర్రాళ్ళు బానే చేస్తన్నారు. మూడో నంబరు వాడికి ఉత్తమ దోషకారుడని శాలువా కప్పారు.”

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. కనకలింగం చదివాడు. ‘తమరు గత ఏడు మాసములుగా ఒక్క దోషమునైనను ఉత్పత్తి చేయకుండుట తీవ్రమైన దోషముగా పరిగణించడమైనది.’

“ఇదొక దోషమని వాళ్ళే రాశారుగా. లెక్కలో వేసుకోమను.”

“అడిగానండి. అది పరిపాలనా దోషమంట. ఉత్పత్తి కిందికి రాదంట.”

కనకలింగం నవ్వాడు. దేవసహాయం నవ్వలేదు. రెండో కాగితం తీశాడు. ఈ నెలాఖరుకు అతను రిటైరవుతున్నాడు. పింఛను మంజూరు కావాలంటే ‘దోష సామర్థ్య ధ్రువపత్రం’ జతచేయాలట. సర్వీసు మొత్తంలో కనీసం ఒక్క దోషమైనా చేసినట్టు నిరూపణ కావాలట. లేకపోతే ముప్పై ఒక్క ఏళ్ళూ ‘ఉత్పాదకత శూన్యం’గా లెక్కట.

“మా ఆవిడ సలోమి అంటంది, ఇన్నేళ్ళూ పొద్దున్నే క్యారేజీ కట్టి పంపింది దీనికా అని. నా రికార్డంతా తెల్లగా ఉందండీ. ఒక్క చుక్క లేదు. ఇప్పుడా తెలుపే నా నోట్లో మట్టి కొడతంది.”

మంచి రూపాయైతే రూపాయే, ఇది చెడిపోయింది కదా అని తాను అన్న మాట కనకలింగానికి గుర్తొచ్చింది. ఆ మాట అమ్మకానికి పెట్టింది కాదు. ఊరికే ఇచ్చింది. జీవితంలో తాను ఊరికే ఇచ్చింది అదొక్కటే, దానికింత వడ్డీ పడింది.

“శెట్టిగారూ,” అన్నాడు దేవసహాయం తల దించుకుని. “ఆ బిళ్ళ ఉందా?”

“ఉంది.”

“చూపించకండని అప్పుడు మీ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఇప్పుడు చూపించమని అడగటానికొచ్చాను.”

కనకలింగం గల్లాపెట్టె అడుగు నుంచి హోమియో సీసా తీశాడు. మూత తీయకుండా ఒకసారి వెలుతురుకు ఎత్తి చూశాడు. నలభై వేలు. “రేపు పదింటికి వస్తాను. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకో,” అన్నాడు.

టంకశాల గేటులో లోహం ఏది లోపలికి వెళ్ళినా తూచి రాసుకుంటారు. గేటు గుమాస్తా బిళ్ళను చిన్న త్రాసులో పెట్టాడు. ‘లోపలికి వచ్చిన లోహం: 3.79 గ్రాములు. తెచ్చినవారు: మాజేటి కనకలింగం.’

నిరంజనమూర్తి గదిలో ఆయనతోపాటు తూకాల అధికారి కూడా ఉన్నాడు. బిళ్ళను తెల్ల కాగితం మీద పెట్టారు. నిరంజనమూర్తి భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దీని మీద ఏమీ లేదే.”

“అదేనండి దోషం,” అన్నాడు కనకలింగం.

“ఏమీ లేకపోవడాన్ని పరిశీలించడమెలా? మూడున్నర మిల్లీమీటర్లు జరగాలన్నది ప్రమాణం. ఇందులో ఏది ఎక్కడికి జరిగిందని కొలవాలి?”

దేవసహాయం గుడ్డ చీటీని ముందుకు జరిపాడు. తూకాల అధికారి అందుకుని చదివి, సంతోషంగా వెనక్కి వాలాడు. “తూకం సరి అని ఉంది. తూకం సరిపోయిన సంచిలో దోషం ఉండే ప్రసక్తి లేదు.”

“దోషం బరువులో కాదండీ, అచ్చులో,” అన్నాడు దేవసహాయం.

“ఈ బిళ్ళ మీద టంకశాల ముద్ర ఉందా?” అన్నాడు నిరంజనమూర్తి.

“లేదండి.”

“ముద్ర లేనిదాన్ని మా ఉత్పత్తి అని సంస్థ అంగీకరించజాలదు. మా ఉత్పత్తి కానప్పుడు అందులోని దోషం మీది కాజాలదు. ఒకవేళ లోహం మాత్రం మాదే అయితే, అది నాణెం కాదు కనుక ప్రభుత్వ ముడిసరుకు. ప్రభుత్వ ముడిసరుకు పన్నెండేళ్ళుగా ఒక ప్రైవేటు వ్యక్తి అధీనంలో ఉన్నట్టు ఇప్పుడే మన దృష్టికి వచ్చింది.” ఆయన భూతద్దం దించి కనకలింగం వైపు చూశాడు. స్టెనో కలం ఎత్తింది.

కనకలింగం చల్లగా కూర్చున్నాడు. బేరం ఎదురు తిరిగినప్పుడు గొంతు పెంచితే ధర ఇంకా పడిపోతుందని అతనికి తెలుసు. ఎదుటివాడి త్రాసులోనే ఎదుటివాణ్ణి తూచాలి.

“అయ్యా, తమరు చెప్పింది నిజం. ఇది తమ బిళ్ళో కాదో తేలాలి. దానికి భూతద్దం ఎందుకండీ? తమ ప్రెస్సు ఉంది కదా. తమ బిళ్ళే అయితే తమ అచ్చులో ఇముడుతుంది, గుద్దితే తమ రూపాయే వస్తుంది. పరాయిదైతే ఇమడదు, లేదా చిట్లిపోతుంది. అప్పుడు నన్నేం చేసినా సరే.”

మాట పూర్తి చేస్తూనే అతనికి లెక్క తట్టింది. గుద్దితే అది ఖాళీ బిళ్ళ కాదు. డాక్టరు గారి నలభై వేలు ఇక లేవు. మిగిలేది రూపాయి. దేవసహాయానికి కూడా ఆ సంగతి తెలిసినట్టుంది. “శెట్టిగారూ, వద్దండీ,” అన్నాడు చిన్నగా.

“నువ్వు పద,” అన్నాడు కనకలింగం.

ఏడో నంబరు దగ్గరికి అందరూ వెళ్ళారు. రేకు పెట్టి గుద్దాలని నిరంజనమూర్తి స్పష్టంగా ఆదేశించాడు. దేవసహాయం బిళ్ళను బొటనవేలితో ఒకసారి తుడిచాడు. పన్నెండేళ్ళ క్రితం తన చేతి కిందనుంచి ఖాళీగా జారిపోయిన బిళ్ళ. అచ్చు మీద పెట్టాడు. మీట నొక్కాడు.

టక్.

ఆ హాల్లో ఏడెనిమిది నెలలుగా ఎవరూ వినని చప్పుడు. రెండు ప్రెస్సుల అవతల పనిచేస్తున్న కుర్రాడు తల తిప్పి చూశాడు.

తూకాల అధికారి పటకారుతో నాణేన్ని తీశాడు. ఒక పక్క సింహాలు నిటారుగా కూర్చున్నాయి. రెండో పక్క అంకె నడిమధ్యన ఉంది. కింద ఈ ఏటి సంవత్సరం. అంచు చుట్టూ వెంట్రుక వాసి తేడా లేదు. రేకు ముక్క దేవసహాయం చొక్కా జేబులో మెరుస్తోంది.

“ఇది పూర్తిగా నిర్దోషంగా ఉందే!” అన్నాడు నిరంజనమూర్తి, బల్లిని చూసినట్టు.

“అవునండి,” అన్నాడు కనకలింగం. “అంటే బిళ్ళ తమదేనని తేలిపోయింది. తమదే అయినప్పుడు, పన్నెండేళ్ళ క్రితం ఖాళీగా బయటికి పోయింది కూడా తమ దగ్గర్నుంచే. చీటీ మీద ఏడో నంబరుంది. ఏడో నంబరు మీద ఉన్నది ఈయన. ఇక దోషం ఎవరిదో తమరే రాయండి.”

నిరంజనమూర్తి ఈ వాదంలో మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఎక్కడైనా ఉందేమోనని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. పైగా ఆ త్రైమాసికంలో పాత దోషాలు వెలికితీసినందుకు విడిగా మార్కులున్నాయి. కలం తీసి రాశాడు. ‘శ్రీ ఎ. దేవసహాయం తమ సేవాకాలమందు ఒక (1) దోషమును విజయవంతముగా ఉత్పత్తి చేసినట్లు ధ్రువీకరించడమైనది.’

“అయితే ఈ నాణెం బయటికి వెళ్ళరాదు. నిర్దోష నాణేలు ప్రాంగణం దాటడం నిషిద్ధం,” అన్నాడు సంతకం పెట్టాక.

“నాణెం సంగతి నాకెందుకండీ. నేను లోపలికి మూడుముప్పావు, నాలుగు గ్రాముల లోపు లోహమేదో తెచ్చాను. గేటు పుస్తకంలో నా పేరున రాసుంది. అది బయటికి పోకపోతే తమ పుస్తకంలో తేడా వస్తుంది. ఎక్కువ వచ్చినా తేడాయే కదండీ?” అని తూకాల అధికారి వైపు చూశాడు.

తూకాల అధికారి ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకంలో తేడా లేదు. గేటు దగ్గర తనే స్వయంగా నిలబడి తూయించాడు. ‘బయటికి వెళ్ళిన లోహం: 3.79 గ్రాములు. తేడా: లేదు.’

ఆ తర్వాత పథకం ఎక్కువ కాలం నిలవలేదు. అంటే ఆగిపోలేదు, ముందుకు పోయింది. గోదాముల్లో లోప నాణేల బస్తాలు కప్పును తాకాయి. వేలం వేస్తే పాత ఇనుము వ్యాపారి ఒక్కడే వచ్చాడు. కిలోకు నలభై ఇస్తానన్నాడు, అదీ రవాణా ఖర్చు టంకశాలదే. దాని మీద పై నుంచి సమీక్షా సంఘం వచ్చి పదిరోజులుండి కొత్త సత్యం కనిపెట్టింది. మార్కెట్లో ఇప్పుడు నిజంగా అరుదైనది ఈ ఏటి మంచి రూపాయి. కాబట్టి వచ్చే ఏడాది నుంచి మంచి రూపాయలను పరిమిత సంఖ్యలో, మఖమలు పెట్టెలో, ధ్రువపత్రంతో సహా, ఒక్కోటి తొమ్మిది వందల యాభైకి అమ్ముతారు. నిరంజనమూర్తి తలుపు మీద కొత్త బోర్డు పడింది. ‘ప్రత్యేకాధికారి (నిర్దోషాలు).’ ఈసారి బోర్డు నిటారుగా పెట్టారు. అది వంగి ఉంటేనే అలవాటైన బంట్రోతు దాన్ని వంచి, ఇంకో మెమో తీసుకున్నాడు.

ఆ కబురు ఏలూరు డాక్టరు గారికి ఎలా చేరిందో గానీ చేరింది. “లింగం గారూ, ఈ సంవత్సరం వేసిన మంచి రూపాయి ప్రపంచం మొత్తంలో ఒక్కటే ఉందట. మీ దగ్గరేనట. లక్షా ఇరవై వేలు. టంకశాల ధ్రువపత్రం ఒక్కటి కావాలి.”

ఆ రాత్రి కనకలింగం అన్నం ముందు కూర్చుని వేళ్ళతో లెక్క వేశాడు. ధ్రువపత్రం కోసం టంకశాలకు వెళ్ళాలి. వెళితే ఆ బిళ్ళ ఇప్పుడు మంచి రూపాయని వాళ్ళు కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే దేవసహాయం చేసిన ఒకే ఒక్క దోషం సవరించబడినట్టవుతుంది. దోషం లేకపోతే సర్వీసు శూన్యం, పింఛను శూన్యం. వాళ్ళ లెక్క ఎలా నడుస్తుందో అతనికిప్పుడు బాగా తెలుసు. ఇటు లక్షా ఇరవై, అటు దేవసహాయం, సలోమి, నెలనెలా వచ్చే పింఛను. ఎన్నిసార్లు తూచినా ముల్లు అటే మొగ్గింది.

“పులుసు చల్లారిపోతోంది,” అంది భార్య కామాక్షమ్మ. “ఎవరికి ఎంత బాకీ పడ్డారు?”

“ఒక మాటకి,” అన్నాడు కనకలింగం, పులుసు కలుపుకుంటూ.

నెలాఖరున దేవసహాయం పదవీ విరమణ సభ జరిగింది. పథకం మారే ఉత్తర్వు ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి శాలువాను కొంచెం పక్కకి కప్పారు. నిరంజనమూర్తి మాట్లాడుతూ దేవసహాయం తన జీవితంలో చేసింది ఒక్క దోషమే అయినా అది సంపూర్ణమైన దోషమని, యువతరం దాన్ని ఆదర్శంగా తీసుకోవాలని అన్నాడు. సిబ్బంది తరఫున వెయ్యి నూట పదహార్లు పళ్ళెంలో పెట్టారు. రెండు అయిదువందల నోట్లు, ఒక వంద, ఒక పది, ఒక అయిదు రూపాయల బిళ్ళ. ఆపైన ఉండాల్సిన ఒక్క రూపాయి దగ్గర పని ఆగింది.

ఊళ్ళో మంచి రూపాయి దొరకలేదు. ఎవరో మొదటి శ్రేణి లోప నాణెం ఒకటి పెట్టబోయారు. సింహాలు అంచు మీదికి పాకి సగం తెగిపోయి ఉన్నాయి. దేవసహాయం చేయి ముందుకు రాలేదు. “వెయ్యి నూట పదిహేనే ఇవ్వండయ్యా. ఇది నేను ముట్టుకోలేను,” అన్నాడు. ముందు వరసలో కూర్చున్న సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదహారో రూపాయి లేకుండా చేతిలో పెట్టేది కట్నమెలా అవుతుందని ఎవరో గొణిగారు.

కనకలింగం బాహ్య నిపుణుల కుర్చీలోంచి లేచాడు. జేబులోంచి హోమియో సీసా తీసి, మూత తీసి, అరచేతిలోకి వంచుకున్నాడు. తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టాడు. ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. మంచి రూపాయిని ఎవరూ రెండోసారి చూడరు.

దేవసహాయం బొటనవేలితో దాని అంచు తడిమాడు. గుర్తుపట్టాడు.

“శెట్టిగారూ... దీనికి డాక్టరు గారు ఎంతన్నారు?”

“నీకెందుకు? పళ్ళెంలో పడ్డాక అది పదహారో రూపాయి. తీసుకో.”

తీసుకున్నాడు.

తర్వాత వారం, మంగళవారం సాయంత్రం, దేవసహాయం మామూలుగానే బల్ల మీదికొచ్చి కూర్చున్నాడు. షిఫ్టు లేదు కానీ టీ ఉంది. పింఛను కాగితం వచ్చిందన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఇంకో సంగతండీ. నిన్న సలోమీ నేనూ చర్చి పనికి పెదపాడు వెళ్ళాం. బస్సులో కండక్టరు రూపాయి చిల్లరడిగాడు. మీరిచ్చిన రూపాయి ఇచ్చాను.”

కనకలింగం చేతిలో టీ గ్లాసు నోటి దగ్గర ఆగింది. “ఏ రూపాయి?”

“అదేనండి, నేను కొట్టిందే. చెల్లుతుందో లేదో చూద్దామని. వాడు ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు శెట్టిగారూ! టికెట్టిచ్చి సంచిలో పడేశాడు. ఎనిమిది నెలల తర్వాత నా రూపాయి చెల్లింది!”

దేవసహాయం అంత గట్టిగా నవ్వడం కనకలింగం ఇన్నేళ్ళలో చూడలేదు. అతను వెళ్ళేదాకా కూర్చుని, వెళ్ళాక గబగబా లోపలికి పోయాడు. డిపో నుంచి సోమవారం నాణేల సంచి మంగళవారం పొద్దున్నే వస్తుంది. వచ్చింది కూడా. సంచి ఉండాల్సిన చోటు చూశాడు. తొమ్మిదింటికల్లా అది స్టేషన్ రోడ్డు హోటలుకు వెళ్ళిపోయింది. ఈపాటికి ఎవరి జేబులోనో, ఎవరి పోపుల డబ్బాలోనో ఉంటుంది.

రాసుకున్న పుస్తకం తీశాడు. ఆ సంచి ఎదురుగా పొద్దున తన చేత్తో తనే రాసిన వరస ఉంది.

డిపో సంచి ఒకటి. మూడు కిలోల ఏడువందల తొంభై గ్రాములు. తూకం సరి.